నేత్రాణి రాళ్ళ దగ్గర మొదటి స్కూబా డైవ్: ఈత రాకపోయినా ఎలా చేయాలి

స్కూబా డైవ్ (సిలిండర్లోని గాలి పీలుస్తూ నీళ్ళ కింద తిరగడం) కోసం ముర్డేశ్వర్ వెళ్ళే ముందు చాలామంది నన్ను అడిగే ప్రశ్నలు నాలుగే. ఈత రాదు, దిగొచ్చా? చెవులు బాగా నొప్పి పెడతాయట, నిజమేనా? లోపల ఊపిరి ఆడకపోతే? కళ్ళద్దాలు తీసేస్తే ఏమైనా కనిపిస్తుందా? ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందుగా చోటు గురించి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, భట్కళ్ తాలూకాలో ముర్డేశ్వర్ ఉంది. పెద్ద శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల గోపురం ఉన్న ఊరు అదే. అక్కడి నుంచి సముద్రంలోకి సుమారు 19 కిలోమీటర్లు వెళ్తే నేత్రాణి దీవి వస్తుంది. బోటులో గంట నుంచి గంటన్నర పడుతుంది. దీవి అంచుల్లో కొండరాళ్ళు నేరుగా నీళ్ళలోకి దిగిపోతాయి. ఆ బండల మీద పగడాలు పెరిగాయి, బండల సందుల్లో చేపలు కాపురం పెట్టాయి. ఇసుక నేల మీద పరుచుకున్న పగడాల తోటలాగా ఉండదు. ఇక్కడ రాయి ఎక్కువ, సందులు ఎక్కువ. రాళ్ళ దగ్గర నీళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి కూడా. కింద చెప్పే జాగ్రత్తల్లో కొన్ని అందుకోసమే.

ఇది చదివి ఎవరూ సొంతంగా నీళ్ళలోకి దిగకూడదు. సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి దింపే మొదటి డైవ్ కోసం మాత్రమే రాస్తున్నాను. ఇక్కడ నేను రాసినదానికీ అక్కడ మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే, ఇన్‌స్ట్రక్టర్ మాటే వినండి.

ఈత ప్రశ్నకు జవాబు: దిగొచ్చు. మొదటిసారి చేసే పరిచయ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటారు. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ (PADI) నియమాల ప్రకారం ఈ డైవ్‌లో లోతు 12 మీటర్లు దాటకూడదు, వయసు కనీసం 10 ఏళ్ళు ఉండాలి. మొదటిసారి దిగేవాళ్ళను చాలావరకు అంత లోతుకు కూడా తీసుకెళ్ళరు. ఆ డైవ్‌లో మీ బాధ్యత రెండు పనులే. ఊపిరి ఆపకుండా తీస్తూ ఉండటం ఒకటి, నొప్పి రాకముందే చెవులు తెరుచుకోవడం, అంటే చెవి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేసుకోవడం రెండోది. మిగతావన్నీ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటారు. ఈ రెండూ మాత్రం మీ బదులు ఇంకెవరూ చేయలేరు.

కావలసినవి

డైవింగ్ సామాను మొత్తం వాళ్ళే ఇస్తారు: మాస్క్, నోట్లో పెట్టుకుని సిలిండర్ గాలి పీల్చే రెగ్యులేటర్, గాలి నింపే జాకెట్ (దాన్నే బీసీడీ అంటారు), సిలిండర్, నడుముకు బరువులు, కాళ్ళకు రెక్కల్లాంటి ఫిన్స్, ఒంటికి బిగుతుగా ఉండే రబ్బరు సూట్ (వెట్‌సూట్). మీరు తీసుకెళ్ళాల్సినవి ఇవి:

- ఒంటికి అతుక్కునే ఈత దుస్తులు, లేదా టీషర్టు, షార్ట్స్. జీన్స్ వద్దు.
- తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు
- మంచినీళ్ళు, బిస్కెట్లు లేదా అరటిపళ్ళు
- జుట్టు కట్టుకోవడానికి రబ్బరు బ్యాండ్లు
- వాంతి వచ్చినప్పుడు వాడటానికి రెండు కవర్లు
- ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే డాక్టర్ రాసిచ్చిన కాగితం

ఉంగరాలు, గొలుసులు, ముక్కుపుడక గదిలోనే తీసి పెట్టండి. మెరిసే లోహాన్ని చూసి కొన్ని చేపలు దగ్గరికొస్తాయి. ముక్కుపుడక మాస్క్ అంచుకు అడ్డం వచ్చినా, ముక్కు నొక్కేటప్పుడు గుచ్చుకున్నా ఇబ్బందే. తాళి తీయనంటే వెట్‌సూట్ లోపల ఉండేలా పిన్ను పెట్టుకోండి.

కళ్ళద్దాలవాళ్ళు కంగారు పడక్కర్లేదు. నీళ్ళలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి తక్కువ పవర్ ఉన్నవాళ్ళకు అద్దాలు లేకపోయినా బాగానే తెలుస్తుంది. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దిగొచ్చు, కానీ మాస్క్‌లోకి నీళ్ళొస్తే కళ్ళు మూసుకోవాలి, లేకపోతే లెన్సు కొట్టుకుపోతుంది. పవర్ ఎక్కువ ఉంటే, పవర్ అద్దాల మాస్క్ ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

1. రోజు ఎంచుకోండి

వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నేత్రాణికి డైవింగ్ బోట్లు వెళ్ళవు. అక్టోబర్ నుంచి మే వరకు సీజన్. నాకైతే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది: సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. సీజన్లో కూడా గాలి ఎక్కువైతే ఆ రోజు రద్దు చేస్తారు. అందుకని ముర్డేశ్వర్‌లో ఒక రోజు అదనంగా పెట్టుకోండి. రద్దు చేసినవాళ్ళతో గొడవ పడొద్దు. ఈ సముద్రంలో దించనని చెప్పినవాళ్ళే నమ్మదగినవాళ్ళు.

బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. నాకు ఒక్కరికే ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా? సముద్రంలోకి దించేముందు లోతులేని నీళ్ళలో ప్రాక్టీస్ చేయిస్తారా? బోటులో ఆక్సిజన్, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా? ధర ఆ తర్వాత. ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే వేరేవాళ్ళను చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో చాలామంది పొరపాటు చేస్తారు. ఉదయం డైవ్, సాయంత్రం గోవా నుంచో మంగళూరు నుంచో విమానం అని టికెట్లు కొనేస్తారు. అలా కుదరదు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఆలోపే ఎత్తుకు వెళ్తే అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. నేనైతే ఎప్పుడూ 18 లెక్కే వేసుకుంటాను. ఘాట్ రోడ్డు ఎక్కడం కూడా ఎత్తుకు వెళ్ళడమే. డైవ్ అయిన సాయంత్రమే జోగ్ జలపాతానికో, కారులో హైదరాబాద్‌కో బయలుదేరకుండా ఆ రాత్రికి ముర్డేశ్వర్‌లోనే ఉండి, తెల్లారాక వెళ్ళండి.

2. ఆరోగ్యం ఫారం నిజాయితీగా నింపండి

సంతకం పెట్టేముందు ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, ఊపిరితిత్తులు, చెవి ఆపరేషన్, గర్భం లాంటి ప్రశ్నలుంటాయి. బోటు ఎక్కే తొందరలో అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఏ ఒక్కదానికి 'అవును' అని జవాబున్నా ఊళ్ళోనే మీ డాక్టర్ను కలిసి కాగితం రాయించుకోండి. గర్భిణులు అసలు దిగకూడదు. జలుబు, ముక్కు దిబ్బడ ఉన్నవాళ్ళకు ఆ రోజు డైవ్ లేనట్టే.

'జలుబుకు మాత్ర వేసుకున్నాను, ఇప్పుడు బాగుంది' అనేది ఇంకా ప్రమాదం. లోపల ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలో, సైనస్‌లో గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే వెనక్కి తిరగొచ్చు. పైకి వచ్చేటప్పుడు వస్తే తిరగడానికి చోటే లేదు, ఎలాగూ పైకి రావాల్సిందే.

3. ఇంటి దగ్గర వారం రోజులు అభ్యాసం చేయండి

దీన్ని ఎవరూ చెప్పరు, ఎవరూ చేయరు. కానీ మొదటి డైవ్ బాగా జరగడానికి నాకు తెలిసి ఇంతకు మించిన ఉపాయం లేదు.

చెవులు: తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేసి, గుటక వేయగానే టప్‌మని తెరుచుకుంటాయి కదా. నీళ్ళలో చేయాల్సిందీ అలాంటిదే, కాకపోతే దిగేటప్పుడు మనమే పని పెట్టుకుని చేయాలి. ముక్కు రెండు వేళ్ళతో నొక్కి, నోరు మూసి, ముక్కులోంచి మెల్లగా గాలి ఊదండి. రెండు చెవుల్లోనూ చిన్న టప్ శబ్దం వినిపించాలి. మెల్లగా అంటే బుగ్గలు ఉబ్బేంత కూడా అక్కర్లేదు. కొందరికి ఊదితే రాదు, ముక్కు నొక్కి గుటక వేస్తే వస్తుంది. మీకు ఏది పనిచేస్తుందో ఇంట్లోనే తెలుసుకోండి. రోజూ పదిసార్లు చేయండి. ఒక చెవి ఆలస్యంగా తెరుచుకుంటుంటే అది ఏ చెవో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నోటితో ఊపిరి: టీవీ చూస్తూ ముక్కు నొక్కి పట్టుకుని పది నిమిషాలు నోటితోనే ఊపిరి తీయండి. లోపలికి నెమ్మదిగా, బయటికి ఇంకా నెమ్మదిగా. మొదటి రెండు నిమిషాలు చిరాగ్గా ఉంటుంది, ఆపైన అలవాటవుతుంది. స్నార్కెల్ (నోట్లో పెట్టుకునే ఊపిరి గొట్టం) దొరికితే బకెట్ నీళ్ళలో ముఖం ముంచి ఇదే చేయండి. మీ దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే, లోతులేని వైపు నిలబడి ముఖం నీళ్ళలో పెట్టడం అలవాటు చేసుకోండి. నీళ్ళలో మన టెన్షన్‌లో సగం ముఖం తడవడం వల్లే.

4. ముందు రోజు, ఆ రోజు ఉదయం

ముందు రాత్రి మద్యం ముట్టకండి, త్వరగా పడుకోండి. ఉదయం ఖాళీ కడుపుతో బోటు ఎక్కితే వాంతులు ఎక్కువవుతాయి, కడుపు నిండా తిన్నా అంతే. రెండు ఇడ్లీలు లేదా ఒక అరటిపండు, బ్రెడ్డు చాలు. పూరీలు, వడలు తిరిగొచ్చాక తినొచ్చు.

బోటులో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర గురించి ఊళ్ళోనే డాక్టర్ను అడగండి. స్కూబా చేయబోతున్నానని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే కొన్ని మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, ఆ మత్తుతో నీళ్ళలో దిగకూడదు. బోటులో వెనక భాగంలో, గాలి తగిలేచోట కూర్చోండి. ఫోన్ చూడకండి. దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీతను చూస్తూ ఉండండి. వాంతి వస్తే సిగ్గుపడక్కర్లేదు, చాలామందికి అవుతుంది. నీళ్ళలోకి దిగాక తేరుకుంటారు కూడా.

తలకు నూనె రాసుకోవద్దు. మాస్క్ పట్టీ జారుతుంది, అద్దానికి జిడ్డు పడుతుంది. నుదుటి మీద సన్‌స్క్రీన్ కరిగి కళ్ళలోకి దిగి మండుతుంది, కొన్ని రకాలు పగడాలకు హాని చేస్తాయి. దాని బదులు పొడుగు చేతుల చొక్కా మేలు.

5. సామాను వేసుకోవడం

మాస్క్ సరిపోయిందో లేదో ఇలా చూడండి. పట్టీ తలకు పెట్టకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేయి తీసేసినా మాస్క్ ముఖాన్ని అంటుకుని ఉండాలి. పడిపోతే ఇంకోటి అడగండి. పట్టీ బిగించి సరిపెట్టుకోవడం చాలామంది చేసే తప్పు. బిగించినకొద్దీ అంచు ముడతపడి నీళ్ళు ఇంకా వస్తాయి. అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్ళు కారతాయి, కాబట్టి జుట్టంతా వెనక్కి తీయండి. మీసాలున్నవాళ్ళకు పై పెదవి దగ్గర కొద్దిగా నీళ్ళు రావడం మామూలే. దట్టమైన మీసం అయితే ముక్కు కింద ఒక సన్నని గీతలాగా గొరిగిస్తే చాలు, మొత్తం తీయక్కర్లేదు. అద్దానికి లోపల ఉమ్మి రుద్ది కడిగితే ఆవిరి పట్టదు. వినడానికి ఎలా ఉన్నా డైవర్లందరూ చేసేది అదే.

సిలిండర్లో ఉన్నది ఆక్సిజన్ అని అందరూ అంటారు, పత్రికల్లో కూడా అలాగే రాస్తారు. అది వడపోసి, ఒత్తిడితో కుక్కిన మామూలు గాలి. సిలిండర్ నిండుగా ఉంటే గాలి ఒత్తిడి చూపే మీటరు దాదాపు 200 బార్ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. మీటరు చూపించమని ఇన్‌స్ట్రక్టర్ను అడగండి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగైదుసార్లు ఊపిరి తీసి చూడండి. మీరు ఊపిరి తీస్తుంటే మీటరు ముల్లు ఊగకుండా ఉండాలి. ఊగితే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నమాట, వెంటనే చెప్పండి.

6. సైగలు

ఇవి ఐదు చాలు.

- బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా: బాగున్నాను
- బొటనవేలు పైకి: పైకి వెళ్దాం
- బొటనవేలు కిందికి: కిందికి వెళ్దాం
- అరచేయి అటూ ఇటూ ఊపడం: ఏదో ఇబ్బందిగా ఉంది, తర్వాత దేని వల్లో చూపించాలి
- అరచేయి ఎదురుగా నిలపడం: ఆగండి

మనవాళ్ళు అందరికంటే ఎక్కువగా తప్పు చేసేది రెండోదాని దగ్గరే. చేపను చూసి సంతోషంతో బొటనవేలు పైకెత్తి 'సూపర్' అని చూపిస్తారు. ఇన్‌స్ట్రక్టర్ అది నమ్మి పైకి తీసుకెళ్ళిపోతారు, డైవ్ మధ్యలోనే ముగుస్తుంది. బోటులో కూర్చున్నప్పుడు మీ పక్కవాళ్ళతో ఐదు నిమిషాలు మాటలు మానేసి సున్నా సైగతోనే జవాబులు ఇవ్వండి. చేతికి అలవాటు పడుతుంది.

7. బోటు పక్కన మొదటి ఐదు నిమిషాలు

బోటు దిగగానే జాకెట్లో గాలి ఉంటుంది కాబట్టి తేలుతారు. ఇక్కడే గుండె దడ ఎక్కువవుతుంది. ముఖం నీళ్ళలో పెట్టి, రెగ్యులేటర్ ద్వారా ఇరవై ఊపిరులు లెక్కపెట్టండి. తొందర లేదు. ఇన్‌స్ట్రక్టర్ 'వెళ్దామా' అన్నా మీరు సిద్ధంగా లేకపోతే ఇంకో ఇరవై అడగండి.

ఈలోపు రెండు పనులు చేసి చూడాలి. మొదటిది మాస్క్‌లోకి కొంచెం నీళ్ళు రానిచ్చి, పై అంచు నుదుటికి నొక్కి, తల కొద్దిగా పైకెత్తి, ముక్కుతో బయటికి ఊదడం. నీళ్ళు కింది అంచు నుంచి పోతాయి. రెండోది రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీసి, నోట్లోంచి సన్నగా బుడగలు వదులుతూ, మళ్ళీ పెట్టుకుని గట్టిగా ఒకసారి ఊది, ఆ తర్వాత పీల్చడం. ఊదకుండా పీలిస్తే ఉప్పునీళ్ళు గొంతులోకి వస్తాయి. ఈ రెండూ రాకుండా కిందికి దిగొద్దు. మాస్క్‌లోకి చెంచాడు నీళ్ళు రావడమే లోపల చాలామంది భయపడటానికి కారణం. నీళ్ళు తీయడం తెలిస్తే భయం ఉండదు.

8. దిగడం: చెవుల సంగతి

కాళ్ళు కిందికి, తల పైకి ఉంచి, లంగరు తాడు పట్టుకుని దిగండి. తలకిందులుగా దిగితే చెవులు తెరుచుకోవడం కష్టం.

నీళ్ళ మీద ఉన్నప్పుడే ఒకసారి చెవులు తెరవండి. తర్వాత ప్రతి అర మీటరుకు, లేదా ప్రతి రెండు ఊపిరులకు ఒకసారి. మొదటి మూడు నాలుగు మీటర్లలో ఇంకా ఎక్కువసార్లు చేసినా తప్పు లేదు. పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. అది మళ్ళీ రెట్టింపు కావాలంటే ఇంకో ఇరవై మీటర్లు దిగాలి. ఆరంభంలోనే చెవులు ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే.

నొప్పి వచ్చాక ఊదడం తప్పు. నొప్పి వచ్చిందంటే చెవిలోపలి నాళం ఒత్తిడికి మూసుకుపోయిందన్నమాట. అప్పుడు ఎంత గట్టిగా ఊదినా తెరుచుకోదు, కర్ణభేరికి, లోపలి చెవికి దెబ్బ తగులుతుంది. ఇలా చేయండి: ఆగండి. చెవి చూపించి, అరచేయి ఊపండి. ఒక మీటరు పైకి వెళ్ళండి. గుటక వేయండి, మెల్లగా ఊదండి. తెరుచుకోని చెవి పైకి ఉండేలా తల పక్కకు వంచి మళ్ళీ చేయండి. తెరుచుకుంటే నెమ్మదిగా దిగండి. మూడు నాలుగుసార్లు చేసినా రాకపోతే బొటనవేలు పైకి చూపించండి. ఆ రోజుకు డైవ్ అయిపోయింది.

ఇది రాయడానికి కారణం ఉంది. నా మొదటి డైవ్‌లో నాతోపాటు వచ్చిన ఒకాయన కొంచెం జలుబు ఉన్నా, డబ్బు కట్టేశానని, పిల్లలు చూస్తున్నారని నొప్పి ఓర్చుకుని దిగిపోయారు. పైకి వచ్చేసరికి ఆ చెవి వినపడటం మానేసింది. చెవి డాక్టర్ దగ్గరికి తిరిగి తిరిగి, మామూలు కావడానికి ఆయనకు వారాలు పట్టింది. నేను అదే తాడు మీద రెండు మీటర్ల దగ్గర ఐదు నిమిషాలు ఆగిపోయాను, ఎడమ చెవి తెరుచుకోక. ఇన్‌స్ట్రక్టర్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టినందువల్లే మిగతా డైవ్ అంతా చూడగలిగాను. కట్టిన డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, చెవి అలా రాదు.

సరిగ్గా తెరుచుకున్నాయా అని చూడటానికి: రెండు చెవుల్లోనూ టప్ వినిపించాలి, నిండుగా ఉన్న భావన పోవాలి. ఒక చెవిలోనే వినిపిస్తే అయిపోయినట్టు కాదు.

ముఖం మీద మాస్క్ పీకుతున్నట్టు అనిపిస్తే ముక్కుతో కొంచెం గాలి మాస్క్‌లోకి వదలండి. ఇది మరిచిపోతే పైకి వచ్చాక కళ్ళు ఎర్రబారతాయి.

9. ఊపిరి

ఒకే నియమం: ఊపిరి బిగపట్టకూడదు. ఎప్పుడూ, ఏ కారణంతోనూ.

ఈ తప్పు ఈత రానివాళ్ళకంటే ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ చేస్తారు. బావుల్లో, కాలువల్లో మునకలు వేసి నేర్చుకున్నవాళ్ళకు నీళ్ళు అనగానే ఊపిరి బిగపట్టడం చిన్నప్పటి అలవాటు. అక్కడ అది సరే, ఎందుకంటే మీరు ఒడ్డు మీద పీల్చిన గాలితోనే మునుగుతారు. ఇక్కడ లోతులో, ఒత్తిడితో వచ్చే గాలి పీలుస్తున్నారు. దాన్ని బిగపట్టి ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ప్రాణాయామం చేసేవాళ్ళకు ఒక మాట: పూరకం, రేచకం చేయండి, కుంభకం వద్దు.

లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెట్టండి. చిన్న చిన్నగా, గబగబా తీస్తే గాలి చాలడం లేదనిపిస్తుంది, నిజానికి బొగ్గుపులుసు వాయువు బయటికి పోక అలా అనిపిస్తుంది. అలాంటప్పుడు కదలడం మానేసి, ఏదైనా ఒక బండను చూస్తూ, మూడుసార్లు పూర్తిగా బయటికి ఊదండి. పీల్చడం దానంతట అదే సర్దుకుంటుంది. దగ్గు వస్తే రెగ్యులేటర్లోనే దగ్గండి. వాంతి వచ్చినా అందులోనే చేయాలి, రెగ్యులేటర్ నోట్లోంచి తీయకూడదు.

సరిగ్గా తీస్తున్నారా అని తెలుసుకోవడానికి మీ బుడగల శబ్దం వినండి. పొడుగ్గా, తీరిగ్గా, మధ్యలో ఎడంగా వినిపించాలి. ఆగకుండా గలగలమంటుంటే నెమ్మదించండి.

10. రాళ్ళ మధ్య

చేతులు కట్టుకోండి, లేదా ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకోండి. ఏ రాయినీ ముట్టుకోవద్దు. నీళ్ళలో అన్నీ దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి దూరం అంచనా తప్పుతుంది. మీకు రాయిలా కనిపించేది స్టోన్ ఫిష్ కావచ్చు. అది అచ్చం నాచు పట్టిన రాయిలాగే ఉంటుంది, వీపు ముళ్ళలో తీవ్రమైన విషం ఉంటుంది. లయన్ ఫిష్ ఈకల్లాంటి రెక్కల్లోనూ విషం ఉంది. సందుల్లో నల్లటి పొడుగు ముళ్ళ సీ అర్చిన్‌లు ఉంటాయి, అవి వెట్‌సూట్‌లోంచి కూడా గుచ్చుకుంటాయి. బండల అంచులకు అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి.

ముళ్ళు గుచ్చుకుంటే వెంటనే పైకి వచ్చి, భరించగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటు ముంచి ఉంచాలి, చర్మం కాలేంత వేడి కాదు. అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచుతారు, దాంతో నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

రాళ్ళ దగ్గర నీళ్ళు మిమ్మల్ని ముందుకు నెట్టి, వెనక్కి లాగుతాయి. దానితో పోట్లాడితే అలిసిపోతారు, గాలీ అయిపోతుంది. వెనక్కి లాగేటప్పుడు ఊరికే ఉండి, ముందుకు నెట్టేటప్పుడు ఒక్కసారి కాళ్ళు ఆడించండి. బండకు కనీసం మీ ఎత్తంత దూరం ఉండండి.

మీ ఫిన్స్ వెనక ఏం తాకుతున్నాయో మీకు కనిపించదు. ఒక్క తన్నుకు విరిగే పగడం కొమ్మ తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అది మొక్క కాదు, ప్రాణమున్న జీవుల గుంపు. చచ్చిన పగడం ముక్క అడుగున దొరికినా తీసుకురావద్దు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటిని సేకరించడం నేరం.

కెమెరా మొదటి డైవ్‌కు వద్దు. వీడియో కావాలంటే వాళ్ళే తీసిస్తారు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చూడాలో చెప్తాను. ఒకచోట కదలకుండా ఆగండి, చేపలే దగ్గరికొస్తాయి. చిలుక ముక్కు లాంటి నోరున్న ప్యారట్ ఫిష్ పగడాన్ని కొరికితే కరకరమని మీకే వినిపిస్తుంది. సీతాకోకచిలుక చేపలు జంటగా తిరుగుతుంటాయి. బండ సందులోంచి మోరే ఈల్ అనే పాములాంటి చేప నోరు తెరిచి మూస్తుంటే అది మిమ్మల్ని బెదిరించడం లేదు, ఊపిరి తీసుకుంటోంది. లోతుకు వెళ్ళినకొద్దీ ఎరుపు రంగు మాయమై బూడిద రంగులా కనిపిస్తుంది. మీ కళ్ళకేమీ కాలేదు, నీళ్ళు ముందుగా ఎరుపునే పీల్చుకుంటాయి.

11. పైకి రావడం

ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని నెమ్మదిగా తీసుకొస్తారు. మీ చిన్న బుడగలకంటే వేగంగా పైకి వెళ్ళకూడదు. మామూలుగా ఊపిరి తీస్తూ ఉండండి, చెవులు ఊదక్కర్లేదు, వాటంతట అవే సర్దుకుంటాయి. పైకి రాగానే మాస్క్, రెగ్యులేటర్ తీసేయడం చాలామంది చేసే పని. జాకెట్లో గాలి నిండి, ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదాకా రెండూ ఉంచుకోండి. ఒక్క అల ముఖాన కొట్టినా నీళ్ళు మింగుతారు.

12. ఆ తర్వాత ఒక రోజంతా

నీళ్ళు బాగా తాగండి. మంచినీళ్ళతో చెవులు కడుక్కుని తల వంచి వార్చండి, ఇయర్ బడ్స్ పెట్టొద్దు. ముక్కులోంచి కొద్దిగా రక్తపు చార వస్తే ఇన్‌స్ట్రక్టర్‌కు చూపించండి. చెవి నిండుగా ఉన్నట్టు, దూరం నుంచి వినిపిస్తున్నట్టు మరుసటి రోజుకూ ఉంటే చెవి డాక్టర్ను కలవండి. తల తిరుగుడు, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మరుసటి రోజు దాకా ఆగకండి.

కీళ్ళ నొప్పి, తిమ్మిర్లు, ఒంటి మీద దద్దురు, కారణం లేని అలసట, మాట తడబడటం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా వెంటనే డైవింగ్ వాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. తక్కువ లోతులో చేసిన ఒక్క డైవ్‌కు ఇవి అరుదు, అయినా తెలిసి ఉండాలి. 'స్కూబా చేశాను, ఇన్ని మీటర్లు, ఇంత సేపు' అని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి. లేకపోతే వాళ్ళు గ్యాస్ నొప్పో, నీరసమో అనుకునే అవకాశం ఉంది.

బోటు ఒడ్డుకు చేరేలోపే ఇన్‌స్ట్రక్టర్ను అడిగి ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, నడుముకు ఎన్ని కిలోలు కట్టారు, మాస్క్ ఏ రకం సరిపోయింది, ఏ చెవి ఆలస్యం చేసింది. రెండోసారి రుషికొండలో దిగినా, అండమాన్‌లో దిగినా అక్కడివాళ్ళకు ఆ కాగితం చూపిస్తే చాలు.